కొలత ఇక్కడ, కొనుగోలు అక్కడ

ఆరో పెట్టె విప్పేసరికి, చెప్పుల కొట్టు నడిపే చెప్పులక్కకు మోకాళ్లు పట్టేశాయి. అయినా నేల మీంచి లేవలేదు. ఎదురుగా పొట్టి బల్ల మీద కూర్చున్నది పోస్టు తాత. ముప్పై నాలుగేళ్లు ఉత్తరాలూ పార్సిళ్లూ మోసి ఇంటింటికీ తిరిగిన మనిషి. ఇప్పుడు షుగరు వచ్చి పాదాల్లో స్పర్శ పోయింది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

అందుకే చెప్పులక్క ఏ బూటునూ నేరుగా ఆయన కాలికి తొడగదు. ముందు తన చెయ్యి లోపలికి దూర్చి, కుట్లన్నీ వేళ్లతో తడిమి చూస్తుంది. ఎక్కడైనా గరుకు తగిలితే ఆ జత పక్కన పెట్టేస్తుంది.

"మీ కాలికి తెలియదు కాబట్టి నా వేళ్లకు తెలియాలి తాతా" అంటూ ఆరో జత తొడిగింది. "ఏదీ, నాలుగడుగులు వేయండి."

తాత గోడ దాకా నడిచి వెనక్కి వచ్చాడు. ముఖం విప్పారింది. "ఇదేనమ్మా. మబ్బు మీద నడిచినట్టుంది."

వెంట వచ్చిన కోడలు వెంటనే ఫోన్ తీసి, పెట్టె మీది చీటీని ఫొటో తీసుకుంది. "బాగున్నాయక్కా. ఇంట్లో ఆయనతో ఒక మాట అనుకుని సాయంత్రం వస్తాం" అంది. తాత తలవంచుకుని పాత చెప్పులు వేసుకున్నాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు.

ఫొటో తీసుకున్నవాళ్లు సాయంత్రం రారు. అది చెప్పులక్కకు తెలుసు, కోడలికీ తెలుసు, తాతకూ తెలుసు. ముప్పావు గంట నేల మీద కూర్చుని విప్పిన ఆరు పెట్టెల్నీ ఆమె మళ్లీ సర్దింది.

"ఈ పూటకి ఇది నాలుగో ఫొటో" అన్నాడు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న చెప్పులక్క భర్త. ఆయన తక్కువగా మాట్లాడే మనిషి. అన్నది అంతే.

అయ్యా, అమ్మా, ఒక్కసారి ఆలోచించండి. ఒక హోటల్లో కూర్చుని, వేడివేడిగా వడ్డించుకుని, కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, డబ్బు మాత్రం పక్క వీధి హోటల్లో కట్టి వెళ్లేవాణ్ణి మనం ఏమంటాం? మరి కొట్లో కాలు కొలిపించుకుని, నప్పినదేదో తేల్చుకుని, ఫోన్లో కొనుక్కునేవాణ్ణి మాత్రం తెలివైనవాడంటున్నాం!

ఆ వీధిలో అలాంటి తెలివికి అప్పటికే మూడు కొట్లు బలయ్యాయి. బొమ్మల కొట్టు తలుపు మీద ఇప్పుడు సినిమా పోస్టర్లు. పుస్తకాల కొట్టు పార్సిళ్లు నింపే గోదాము అయింది. కుక్కర్లు బాగుచేసే ఆయన ఎవరి గేటు దగ్గరో కాపలా కాస్తున్నాడు. చెప్పులక్క తెచ్చే జత ఫోన్లో ఆమె కొన్న ధరకంటే తక్కువకే దొరుకుతోంది.

"ఫోన్లో అమ్మేవాళ్లు అంత నష్టానికి ఎన్నాళ్లిస్తారే?" అన్నాడు భర్త ఒకరోజు.

"మనం తాళం వేసేదాకా. ఆ తర్వాత వాళ్లు చెప్పిందే ధర" అంది ఆమె.

నెలాఖరుకి కొట్టు ఖాళీ చేసేద్దామని ఇద్దరూ అనుకున్నారు.

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం పూట, తాత కోడలు ఒంటరిగా వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. వచ్చీ రాగానే పొట్టి బల్ల మీద కూలబడింది.

"మామగారికి కాలివేళ్లు రెండు తీసేశారక్కా."

చెప్పులక్క చేతిలోని పెట్టె పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

కొట్లో తొడిగి చూసినవీ, ఫోన్లో కొంటే ఇంటికి వచ్చినవీ పైకి ఒకలాగే ఉన్నాయి. రంగు అదే, సైజు అదే. లోపల మాత్రం చిటికెన వేలి దగ్గర కుట్టు బిరుసుగా లేచి ఉంది. తాతకు స్పర్శ ఉంటే మొదటి అడుగులోనే తెలిసేది. ఐదు రోజులు వేసుకు తిరిగాడు. మేజోడు తడిసి వాసన వస్తే గాని ఎవరికీ తెలియలేదు. అప్పటికే చీము లోపలికి పాకింది.

"కంపెనీకి ఫోన్ చేశానక్కా. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ అరగంట తిప్పింది ఏదో గొంతు. చివరికి ఎవరో మాట్లాడాడు. వాపసు గడువు దాటిపోయింది మేడమ్ అన్నాడు. మా సేవకు ఎన్ని స్టార్లిస్తారు అని కూడా అడిగాడు!" ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. "ఆ పాదానికి సరిపడా బూటు చేయించమన్నాడు డాక్టరు. ఫోనంతా వెదికాను. ఎక్కడా లేదు."

చెప్పులక్క ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"లేదు కాబట్టి వచ్చావా? ఉంటే వచ్చేదానివి కాదుగా! ఆ రోజు నేను చెయ్యి పెట్టి చూసింది దేనికనుకున్నావు? నాకు పొద్దు పోకనా? నీకు నా కొట్లో పెట్టె మీది అంకె కనిపించింది. నా చెయ్యి కనిపించలేదు. ఆ అంకె వాళ్లకిచ్చావు, వాళ్లొక పెట్టె పంపారు. లోపల కుట్టు ఎలా ఉందో చూసిందెవరు? ఎవరూ లేరు! నన్ను కాదని కొన్నందుకు కాదమ్మా నా బాధ. నేను మూడు వంతులు చేసిన పనిని మధ్యలో లాక్కుపోయి పాడుచేశారు."

కోడలు బల్ల మీంచి లేచింది. "కొట్టినా పడతానక్కా" అంది నెమ్మదిగా. "ఒక్కసారి వచ్చి చూడు."

చెప్పులక్క కొలబద్ద, దూది, మెత్తటి తోలు ముక్క సంచిలో వేసుకుని బయలుదేరింది.

మంచం మీద తాత కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. ఆమెను చూడగానే ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"ఆ రోజే నోరు విప్పాల్సింది తల్లీ. ఇక్కడే కొందామని అనాల్సింది. నాలుగు రూపాయలు మిగులుతాయి కదా అని ఊరుకున్నాను" అన్నాడు. కొలతలు ఆమె రాసుకుంటూంటే ఆయనే మళ్లీ అన్నాడు. "నేనూ పార్సిళ్లు మోసినవాణ్ణే. పార్సిలుకి ఇంటి నంబరు తెలుసు. ఇంట్లో మనిషి సంగతి దానికేం తెలుసు?"

పుండు మానాక, ఒక జతను విప్పదీసి, వేళ్లు లేని చోట మెత్త కుట్టి, నాలుగుసార్లు చెయ్యి పెట్టి చూసి తొడిగింది చెప్పులక్క. తాత కర్ర పట్టుకుని వాకిలి దాకా నడిచాడు. కోడలు ధర అడగలేదు, బేరమాడలేదు. ఎంత చెబితే అంత ఇచ్చి చేతులు పట్టుకుంది.

మర్నాడు కొట్టు ముందు అట్టముక్క వేలాడింది. 'కాలు చూసి కొలిచినందుకు రుసుము ఉంటుంది. ఇక్కడే కొన్నవారికి రుసుము లేదు.' వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకాయన గుమ్మంలోనే నిలబడి వెటకారంగా నవ్వాడు.

"చూసినందుకు కూడా డబ్బులా? ఇదెక్కడి చోద్యం!"

తాత కోడలు అప్పుడు తన పిల్లవాడికి బడి బూట్లు కొంటోంది. గిరుక్కున తిరిగింది.

"చూడనందుకు మా మామగారు రెండు వేళ్లు ఇచ్చారండీ" అంది.

ఆయన నవ్వు ఆగిపోయింది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, లోపలికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

అనుకున్న నెలాఖరు దాటిపోయినా కొట్టు ఖాళీ కాలేదు. వచ్చే ఏడాది ఉంటుందో లేదో చెప్పలేం. అది చెప్పులక్క చేతిలో కంటే మన చేతుల్లోనే ఎక్కువ ఉంది. ఫోన్లో కొనుక్కోదలిస్తే కొనుక్కోండి, ఎవరూ కాదనరు. కానీ పనితనం ఎవరి దగ్గర తీసుకున్నామో, దాని ఖరీదు వాళ్ల చేతిలోనే పెట్టాలి.