అరగదీసిన పేరు

చింతపండు పిప్పితో ఇత్తడి బిందె తోముతున్నప్పుడల్లా సువర్ణ వేళ్లు ఒక చోట ఆగుతాయి. మెడ కింద ఎవరో ఆకురాయితో పేరు అరగదీశారు. తొందరలో చేసిన పనేమో, మొదట 'పు', చివర 'తి' మిగిలిపోయాయి. పెళ్లయి ఈ బుక్కరాయసముద్రం ఇంటికి వచ్చిన కొత్తలో, ఈ పేరెవరిది అత్తా అని అడిగింది. లక్ష్మీదేవమ్మ ఆమె కంచంలో ముద్ద పెట్టి, "తిను. చల్లారిపోతాంది" అంది. తొమ్మిదేళ్లుగా అదే జవాబు.

పేరు పుష్పావతి అని పక్కింటి ఓబులమ్మ కొళాయి దగ్గర చెప్పింది. సువర్ణ భర్త జయరాంకు మొదటి భార్య. కూతురు సరళకు ఎనిమిది నెలలప్పుడు పోయింది. కడుపునొప్పి అన్నవాళ్లున్నారు, బావి అన్నవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి పాపకు తెలియకూడదన్నది పెళ్లిచూపుల్లోనే పెట్టిన షరతు. ఇప్పుడు సరళకు పదేళ్లు, సువర్ణే కన్నతల్లి అనుకుంటుంది. "నీకింకో బిడ్డెందుకు, ఉండాది కదా" అన్నాడు జయరాం. అదీ అక్కడితో అయిపోయింది. ఇంత జరిగినా సువర్ణకు బాధే తప్ప మరేం లేదంటే అబద్ధం. ఆ పిల్ల అమ్మా అని మెడ చుట్టేసుకున్నప్పుడు, బిందె మీద ఆ పేరు అరిగిపోయినందుకు ఆమె లోలోపల సంతోషించేది కూడా.

ఒక రోజు ఇంటికి జర్మనీ నుంచి రెనాటె అనే ఆమె భోజనానికి వచ్చింది. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లవి. జయరాం పని చేసే సంస్థ కట్టిన చెక్‌డ్యాములు చూడటానికి వచ్చిన బృందంలో మనిషి. అరవై దాటాయి, వాళ్ల ఊళ్లో చిన్న మ్యూజియంలో పని చేసి మానేసింది. "ఓళిగలు చెయ్యి, మంచి చీర కట్టుకో, ఇంగ్లీషు నువ్వే మాట్లాడు" అని పొద్దున్నే జయరాం హుకుం. ఆఫీసు రిపోర్టులు రాసేది కూడా సువర్ణే లెండి, సంతకం మాత్రం ఆయనది.

"వాళ్లకు సొంత ఇల్లుండాదేమో అడుగు" అంది లక్ష్మీదేవమ్మ, ఓళిగ మీద నెయ్యి వేస్తూ.

సువర్ణ అడిగింది. రెనాటె సంచిలోంచి ఒక ఫోటో తీసింది. నడిచే దారిలో రాళ్ల మధ్య పాతిన అరచేతంత ఇత్తడి పలక. తమ ఇంట్లో ఒకప్పుడు యూదుల కుటుంబం ఉండేదట. యుద్ధకాలంలో వాళ్లను పట్టుకుపోయి చంపేశారు. ఇల్లు కారుచౌకగా రెనాటె తండ్రికి వచ్చింది. ఆమె అందులోనే పుట్టింది. ఇప్పుడు వాళ్ల దేశంలో ఒక కళాకారుడు అలాంటివాళ్ల పేర్లు ఇలాంటి పలకల మీద ఒక్కో అక్షరమే సుత్తితో కొట్టి, వాళ్ల ఇళ్ల ముందు పాతుతున్నాడు. చదవాలంటే తల వంచాలి. తమ ఇంటి ముందు కూడా పాతమని రెనాటే అడిగింది. దాంతో వాళ్లమ్మ ఆమెతో మాట మానేసింది, పోయేదాకా.

"అమ్మ చెడ్డది కాదు. నిజం చెప్తే తనకంటూ ఏం మిగలదని భయపడింది" అంది రెనాటె.

జయరాం అతిథి వైపు నవ్వుతూనే తెలుగులో అన్నాడు: "ఇదంతా అమ్మకెందుకు? వంట బాగుందంటాందని చెప్పు."

ఇన్నేళ్లూ ఆయన చెప్పమన్నదే చెప్పిన మనిషి. ఆ పూట మాత్రం ఇల్లు, పట్టుకుపోయినవాళ్లు, పేర్లు, భయం, ఒక్కటీ వదలకుండా అత్తకు చెప్పింది. లక్ష్మీదేవమ్మ చేతిలో నెయ్యి గిన్నె ఆగింది.

"ఆయమ్మను తినమను. చల్లారిపోతాంది."

సువర్ణ ఆ మాటనూ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. రెనాటె తల ఊపింది. "మా అమ్మా ఇంతే అనేది" అంది.

కారు వెళ్లాక జయరాం విరుచుకుపడ్డాడు. "నేను చెప్పిందేమి, నువ్వు చేసిందేమి? ఇంటికొచ్చినోళ్ల ముందర తెలివి చూపిస్తావా?" అని, ముందు గదిలో టీవీ పెట్టుకున్నాడు. సువర్ణ కంచాలు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. వంటింట్లోకి పోయి, ఎందుకు వచ్చిందో మరిచిపోయి, పెరట్లోకి వచ్చి, మళ్లీ లోపలికి పోయింది. ఎక్కడా నిలవబుద్ధి కాలేదు.

భోజనాల దగ్గర అంతా విన్న సరళ వెనక వరండాలో లెక్కలు చేసుకుంటోంది. "మా, ఆయమ్మతో వాళ్లమ్మ మాట్లాడకుండానే చచ్చిపోయిందా?"

సువర్ణ ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఈ ఇంట్లో తనది అనుకున్నది ఈ పిల్ల ఒక్కతే. చెప్పాక తనను ఏమని పిలుస్తుందో. భయం వేసింది, నిజంగానే వేసింది.

"పాపా, నిన్ను సాకింది నేను. కన్నది నేను కాదు. కన్నామె పేరు పుష్పావతి."

పెన్సిలు ఆగింది.

"ఆయమ్మ యాడుండాది?"

"లేదు మా. నువ్వు ఎనిమిది నెలల బిడ్డప్పుడే పోయింది."

"ఎట్ల పోయింది?"

"నాకు తెలీదు. ఇన్నేండ్లూ గట్టిగా అడగకుండా ఉండిపోయినా. తప్పు నాది కూడా."

"ఎవరికి తెలుసు?"

"మీ నాయనకు తెలుసు." సువర్ణ లేచి చెయ్యి చాచింది. "రా, ఇద్దరం పోయి అడుగుదాం."

సరళ ఆ చెయ్యి పట్టుకోలేదు. లేచి, ఆమెకంటే ముందే నాయన ఉన్న గదిలోకి నడిచింది.