డ్రమ్‌కారాతో కలవని క్లబ్బు

నలభై రెండేళ్లొచ్చాక ఎవడైనా ఫుట్‌బాల్ చూస్తాడు. నేను ఇంకా ఆడుతున్నాను. మోకాలు అరిగిపోయిందనీ, ఈ ఏడు కూడా దిగితే చేతికర్ర తప్పదనీ డాక్టరు తేల్చి చెప్పాడు. కానీ మా ఐర్లండ్ గేలిక్ ఫుట్‌బాల్‌లో ఏ పారిష్‌లో, అంటే ఏ చర్చి పరిధిలో, పుట్టినవాడు ఆ పారిష్‌కే ఆడాలి. కిల్‌మోరీన్‌లో పుట్టి, ఆడే ఒళ్లుండి, ఇంకా ఊళ్లో మిగిలినవాళ్లం నాతో కలిపి జట్టుకి సరిగ్గా సరిపోయే పదిహేనుమందిమి. నేను మానేస్తే జట్టే లేదు.

దారి ఒక్కటే, పక్క పారిష్ డ్రమ్‌కారాతో కలిసిపోవడం. తొంభై ఏళ్ల కిందట వాళ్లు మా గోల్ స్తంభాలను రాత్రికి రాత్రి రంపంతో కోసుకుపోయారు. అప్పటినుంచి వాళ్లతో పెళ్లిళ్లయితే చేసుకున్నాం గానీ, కలిసి మాత్రం ఆడలేదు.

వార్షిక సమావేశానికి ముందు వారమంతా జట్టులో ఒక్కొక్కడే నా దగ్గరికొచ్చాడు. గోల్‌కీపర్ ఫెలిమ్ అయితే చెయ్యి పట్టుకు వదల్లేదు.

"నువ్వు లేచి కలిసిపోదామని ఒక్క మాటనరా కోల్మన్, వెంటనే నేను బలపరుస్తా. నా నడుం కూడా చచ్చింది."

"నువ్వే అనొచ్చుగా?"

"ఆ స్తంభాలు పాతింది మా తాతరా బాబూ! నేనంటే సమాధిలోంచి లేచొస్తాడు."

పిల్లి మెడలో గంట కట్టడానికి నేను దొరికాను. సరే, కడదామనే వెళ్లాను.

ఆదివారం పూజ అయ్యాక హాల్లో చేరాం. అధ్యక్షురాలు బ్రీద్ అత్త, మా నాన్నకి చెల్లెలి వరస. ఆనవాయితీ ప్రకారం పోయిన ఆటగాళ్ల పేర్లు చదివింది. పేరు వినగానే ఆ ఇంటివాళ్లు లేచి నిలబడాలి. చదవడం పూర్తయ్యేసరికి అందరం నిలబడే ఉన్నాం. చివరి పేరు మా నాన్నది.

"ఇంకెవరికైనా చెప్పేదుందా?" అంది అత్త, నావైపే చూస్తూ.

నేను కూర్చుండిపోయాను. ఫెలిమ్ తన బూట్లు చూసుకున్నాడు. పదిహేనుమంది మగాళ్లం మూగనోము పట్టాం. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ ఏడాదికీ జట్టు ఖాయమని అత్త ప్రకటించింది. అందరం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది ఫెలిమే.

తర్వాత అత్త కారు డిక్కీలోంచి ఉతికిన జెర్సీల మూట దింపడానికి వెళ్లాను.

"పిరికి సన్నాసీ!" అంది. "నలభై ఏళ్లుగా మీ బురద ఉతుకుతున్నా. వేళ్లు ముడుచుకోవట్లేదు. నువ్వయినా నోరు తెరుస్తావనుకున్నా."

"తెరిస్తే ఒప్పుకునేదానివా అత్తా?"

"ఎగిరి గంతేసేదాన్ని."

మూట విప్పి, నా మూడో నంబరు జెర్సీ లాగి చేతిలో పెట్టింది.

"మంగళవారం సాధన. ఆలస్యం చెయ్యకు."