కుండీలో వేలు

బాల్కనీలో నిమ్మ మొక్క కింద మళ్ళీ పసుపు ఆకులు రాలి ఉండటం చూసి డ్రైవరుకు ఒళ్ళు మండిపోయింది. బస్సు డిపోలో అప్పజెప్పి అప్పుడే ఇంటికొచ్చాడు. వంగి చూస్తే ఆకులే కాదు, వాటి మధ్య మొగ్గలు కూడా రాలి ఉన్నాయి.

ఆ మొగ్గల కోసం అతని భార్య ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది. రసం పిండి పారేయబోయిన నిమ్మకాయలోంచి గింజ ఏరి తన చేత్తో నాటిన మొక్క అది. "పూసేది లేదు, కాసేది లేదు, తీసి పారెయ్యవే" అని అతను వేళాకోళం చేసేవాడు. తీరా ఆమె పోయిన కొన్ని నెలలకు అది మొగ్గ తొడిగింది. ఇదీ పోతే, ఆమె చేత్తో పెంచింది అని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ప్రాణమున్నది ఇంకేదీ ఉండదు.

అసలే అతనికి కోపం ముక్కు మీద ఉంటుంది. భార్య పోయాక అది ముక్కు దిగి ఇల్లంతా తిరుగుతోంది. అందులో అతని తప్పేమీ లేదు. పరామర్శకని వచ్చిన అక్క ఉండిపోయింది. తిన్నావా అని అడుగుతుంది, తిన్నానంటే ఇంకొంచెం వడ్డిస్తుంది. నిద్ర పట్టిందా అని అడగడానికి నిద్ర లేపుతుంది. కింది పోర్షన్ ఆవిడ రోజూ మెట్లెక్కి వచ్చి నిట్టూర్చి పోతుంది. బావమరిది ఫోన్ చేసి, పోయినామె మంచం ఎవరికివ్వాలో చెబుతాడు. అందరిదీ మంచి మనసే. ఆ మంచితనం కిందే అతనికి ఊపిరాడటం లేదు.

అక్క బియ్యం కడిగిన నీళ్ళ గిన్నెతో వచ్చింది.

"జరగరా, దానికి కాసిన్ని పోస్తాను. పాపం, ఎండిపోతోంది."

"పొద్దున పొయ్యలేదా?"

"ఎందుకు పొయ్యలేదూ? మధ్యాహ్నం కింది పోర్షన్ ఆవిడ కూడా వచ్చి పోసింది. అయినా చూడు, ఎలా వాడిపోతోందో."

అతను గిన్నె లాక్కుని గోడ పక్కన పెట్టాడు. కుండీ ఎత్తబోతే బండరాయిలా కదల్లేదు. అడుగున పళ్ళెం నిండా నీళ్ళు, నీళ్ళలో దోమ పురుగులు. మట్టి మురుగు కంపు కొడుతోంది.

"ఇది ఎండిపోవట్లేదక్కా, మునిగిపోతోంది. పొయ్యడమే తప్ప ఇంకో పని లేదా మీకు?"

"నా మీద అరుస్తావేంట్రా? తెల్లారి డ్యూటీకెళ్ళే ముందు చెంబెడు కుమ్మరించి పోయేది నువ్వు కాదా?"

నిజమే. ఆకు వాడినట్టు కనిపించినప్పుడల్లా తనూ పోశాడు. భార్య చూపుడు వేలి గోట్లో ఎప్పుడూ మట్టి ఉండేది. "ఆ వేలితోనే వడ్డిస్తావా" అని అతను విసుక్కుంటే, "వేలు పెడితేనేగా దానికి దాహమో కాదో తెలిసేది" అని నవ్వేది. వేలు లోపలికంటా దించి, తడి తగిలితే చెంబు పక్కన పెట్టేసేది. పొడిగా ఉంటేనే, అడుగు కన్నంలోంచి కారేదాకా నిదానంగా పోసి, పళ్ళెంలో చేరినవి పారబోసేది. అదంతా అతని కళ్ళ ముందే జరిగింది. ఏనాడూ పట్టించుకోలేదు. ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

"నా బతుకులో అందరూ వేలు పెట్టారు," అన్నాడు పళ్ళు బిగించి. "నేనేం తినాలి, ఎప్పుడు పడుకోవాలి, దాని మంచం ఎవరికివ్వాలి. పెట్టాల్సిన కుండీలో మాత్రం ఒక్కరూ వేలు పెట్టలేదు. నాతో సహా."

పాత పేపరు పరిచి మొక్కను మట్టితో సహా బయటికి లాగాడు. వేళ్ళు చాలావరకు నల్లబడి, పట్టుకుంటే జారిపోతున్నాయి. లోపల కొన్ని ఇంకా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. కుళ్ళినవి కత్తెరతో తీసేశాడు. సగం పూడుకుపోయిన అడుగు కన్నాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచాడు, అవసరానికి మించిన కసితోనే. పొడి మట్టిలో ఇసుక కలిపి మళ్ళీ నాటి, కుండీని నీడలోకి జరిపాడు.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఇప్పుడు పొయ్యొద్దా?"

"వద్దు."

"రేపు?"

"వేలు పెట్టి చూడు. తడిగా ఉంటే ఊరుకో."

"ఊరుకుని ఏం చెయ్యనురా? చేతిలో పని లేకపోతే మరదలే గుర్తొస్తోంది నాకు."

"గుర్తొస్తే రానీ," అన్నాడు కటువుగా. "నాకు రావట్లేదా?"

ఆమె గోడ పక్కనున్న గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే చెంబుతో బాల్కనీలోకి వెళ్ళిన అక్క, నిండు చెంబుతోనే తిరిగొచ్చింది. చెంబు పక్కన పెట్టి, కంచం ముందు కూర్చున్న అతని ఎదురుగా కూర్చుంది. అలవాటుగా గరిటె ఎత్తబోయి ఆగింది.

"ఆకలేస్తోందా?"

ఇన్ని నెలల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. అతను తలెత్తి చూశాడు. ఆమె చూపుడు వేలి గోట్లో మట్టి ఉంది.

అతను కంచం ఆమె ముందుకు జరిపాడు.