తాళం తిప్పే ముందు

"ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉండొచ్చుగా వదినా," అంది ఆడపడుచు, టీ గ్లాసు చేతికిస్తూ.

"ఉంటే గడియారం చప్పుడు కూడా వినిపిస్తోంది," అంది టీచరు.

భర్త పోయాక ఆమె బడికి బయలుదేరడం అదే మొదలు. పిల్లలకి చెక్కపని నేర్పుతుంది. ఆమెకి కావలసిందల్లా రంపం మిషను మోత. అది తిరిగినంతసేపూ బుర్రలో ఇంకేదీ వినిపించదు.

షెడ్డులో పిల్లలు అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచి, జడలు ముడివేసి, కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు. ముందు తనే ఒక చెక్క కోసి చూపించాలి. తాళంచెవి మిషనుకి పెట్టింది.

తాళం తిప్పబోయేవాళ్ళని, తిన్నారా, నిద్రపోయారా అని పక్కనున్నవాళ్ళు అడిగి తీరాలన్నది ఆమె పెట్టిన పద్ధతే. ఆవేళ పక్కనున్న పిల్ల నోరు ఊరుకోదని అందరూ రేడియో అంటారు.

"తిన్నారా మేడమ్?"

"తిన్నాను."

"రాత్రి నిద్రపోయారా?"

టీచరు చెయ్యి తాళంచెవి మీదే ఆగింది.

"ఇవాళ్టికి ఆపవే రేడియో," అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

"ఎవరినైనా అడగాలని మేడమే చెప్పారుగా. జ్వరమొచ్చిన రోజు నన్ను కూర్చోబెట్టారు కూడా," అంది రేడియో.

నిద్రపోయానని చెప్పెయ్యొచ్చు. తన వాచిన కళ్ళు చూస్తూ ఒక్కరూ నమ్మరు. రేపు ఆ రంపపు చక్రం ముందు నిలబడి వీళ్ళూ అలాగే చెప్పేస్తారు.

"లేదమ్మా. నిద్ర పట్టలేదు," అంది. తాళంచెవి తీసి జేబులో వేసుకుంది. "అలాంటివాళ్ళు ఏం చెయ్యాలి?"

"గరుకు కాగితం బల్ల దగ్గర కూర్చోవాలి."

"మీరో?"

"మీరు చూడకుండా మేం మిషను ముట్టుకోకూడదు. మేమూ అక్కడికే," అంది రేడియో.

అందరూ చెక్కలు రుద్దుతూ కూర్చున్నారు. మెత్తటి చప్పుడు. మోత కింద కప్పేద్దామనుకున్నవన్నీ ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఆయన దగ్గు. పక్కగదిలోంచి పిలిచే పిలుపు. సాయంత్రాలు గుమ్మంలో ఆపి, ఆమె జుట్టులోంచి రంపపు పొట్టు ఏరుతూ, "చెట్టుని మొత్తం ఇంటికి మోసుకొచ్చావే," అనడం. ఆమె తల ఎత్తకుండా రుద్దుతూనే ఉంది. కన్నీళ్ళు పడినచోట చెక్క పీచు లేచింది. మళ్ళీ రుద్దింది.

సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో ఆగింది.

"అక్కడే నిలబడ్డావేం వదినా?" అంది ఆడపడుచు లోపల్నించి.

"జుట్టు నిండా పొట్టు," అంది టీచరు. దులుపుకోలేదు. కాసేపు అలాగే నిలబడింది.