మూత తెరిచే ఉంది

లాప్‌టాప్‌ని చంపింది బావమరిదే. ఇందులో విచారణ అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు. పోయిన వారం వచ్చి, "పాతబడిపోయింది బావా, అప్‌డేట్ చేస్తా" అని గంటసేపు ఏదో కెలికి వెళ్ళాడు. మర్నాడు పొద్దున బటన్ నొక్కితే లైటు వెలిగింది, ఫ్యాన్ గుర్రుమంది, తెర మాత్రం బొగ్గులా నల్లగా ఉండిపోయింది.

అందులో భార్య గొంతు ఉంది. పోవడానికి ముందు ఒకసారి, మైకు పనిచేస్తుందో లేదో చూద్దామని ఆమె రికార్డు చేసిన నాలుగు ముక్కలు. రోజూ పొద్దున కాఫీ చల్లారేలోపు ఆయన అవి వినేవాడు. కాపీ తీసిపెట్టుకోమని బావమరిది చెవినిల్లు కట్టుకుని పోరాడు. "ఒక్క మనిషి, ఒక్క గొంతు. కాపీ ఏమిట్రా?" అని ఆయన కసిరి పంపాడు.

రిపేరు షాపుకి తీసుకెళ్తే అక్కడ వెలిగింది. మెకానిక్ అమ్మాయి "శుభ్రంగా ఉందండీ" అని సంచీలో పెట్టి ఇచ్చేసింది. ఇంటికొచ్చి బల్ల మీద పెడితే మళ్ళీ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ రోజు నుంచి మాట్లాడటం మానేసినా, ఇక బావమరిదిని పిలవక తప్పలేదు. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు అనిపించింది ఆయనకి.

"ఇన్నాళ్ళకి నోరు విప్పావు, సంతోషం బావా."

"నీకోసం విప్పలేదు. కూర్చో."

బావమరిది చార్జర్ పీకాడు. బటన్ చాలాసేపు నొక్కిపట్టి వదిలి, మళ్ళీ నొక్కాడు. ఫోను టార్చి తెరకి ఆనించి, లోపల నీడైనా కనిపిస్తుందేమోనని కళ్ళు చికిలించి చూశాడు. ఏమీ లేదు.

"కొత్తది కొనుక్కో బావా. దీని పని అయిపోయింది."

"నువ్వెళ్ళి కొత్త అక్కని కొనుక్కో."

బావమరిది మొహం మాడిపోయింది. అడుగున స్క్రూలు చూద్దామని లాప్‌టాప్‌ని చేతుల్లోకి ఎత్తాడు.

తెర వెలిగింది.

దించాడు. ఆరింది. మళ్ళీ ఎత్తాడు. వెలిగింది.

ఇద్దరూ బల్ల కేసి చూశారు. అక్కడ మడతపెట్టిన గుడ్డ సంచీ ఉంది. లాప్‌టాప్ కోసం భార్య కుట్టిన సంచీ. యంత్రానికి గీతలు పడతాయని ఆయన దాన్నే కింద పరుస్తున్నాడు. బావమరిది సంచీ అందుకుని అంచంతా తడిమాడు. వేలి కింద గుండీ తగిలింది. అయస్కాంతం గుండీ.

"ఇదీ సంగతి! లాప్‌టాప్ మూతలో కూడా ఇలాంటి అయస్కాంతమే ఉంటుంది. అది దగ్గరికొస్తే మూత వేసేశారని దీనికి తెలుస్తుంది. నువ్వేమో గుండీ తెచ్చి కింద పెట్టావు. మూత తెరిచే ఉన్నా పాపం ఇది పడుకుంటోంది. రోజూ నువ్వే జోకొట్టి, నన్ను తిట్టావు!"

"ఆ సంచీ అటక మీంచి దింపి, దుమ్ము దులిపి నా చేతిలో పెట్టిందెవడు? పోయిన వారం?"

"నేనే. అక్క కుట్టింది కదా అని..."

"అదిగో. ఒప్పుకున్నావు."

బావమరిదికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సరే, కత్తెర ఇలా ఇవ్వు. గుండీ కోసేస్తే పీడా పోతుంది."

"నీ చెయ్యి కోస్తా. ఆవిడ వేసిన కుట్టు విప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు."

ఆయన సంచీ లాక్కుని భుజాన వేసుకున్నాడు. ఖాళీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, ఆమె రికార్డింగ్ మీద నొక్కాడు.

"వినిపిస్తోందా? ఏమండీ, ఊ అనండి. మనిషి మాట్లాడుతుంటే ఆ గోడలా కూర్చోవడం ఏమిటి?"

"ఊ" అన్నాడు ఆయన.

బావమరిది కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత అడక్కుండానే జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి లాప్‌టాప్‌కి గుచ్చాడు. ఆయన చూశాడు. వద్దనలేదు.

"బావా, ఆ గుండీ..."

"చంపింది నువ్వే. ఈ మాట నేను మళ్ళీ ఎత్తను. నువ్వూ ఎత్తకు."