పేరు పడనివన్నీ నీ పాటలే

గొంతుకు ఆపరేషన్ అయ్యాక నా భార్యకు మాట పోయింది. ప్రాణం దక్కింది కదా అని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇంటికి రాగానే ఆమె పలక అందుకుని రాసింది: "నా పాటలు వినాలి."

ఏళ్ల తరబడి పొద్దున ప్రార్థనలో ఆమె పాడుతుంటే నేను రికార్డు చేశాను. అవన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. అయితే ఆమె ఆసుపత్రిలో ఉండగా అది చెడిపోయి బాగుచేయించినప్పుడు ఆమె పాటలూ, మేం కొనుక్కున్న పాటలూ ఒకేచోట కలిసిపోయాయి. పేర్లు పోయి వట్టి అంకెలు మిగిలాయి. వేల పాటలు. ఒక్కొక్కటీ విని ఏరాలంటే అయ్యే పని కాదు.

రిపేరు షాపతన్ని అడిగాను.

"పాట విని పేరు పెట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి బాబాయ్."

"ఉచితంగా దొరుకుతుందా?"

"పెద్ద షాపులు వదిలి నువ్వు నా దగ్గరికి వచ్చావంటేనే అర్థమైందిలే" అని నవ్వాడు. "దొరుకుతుంది. కానీ అచ్చంగా అదే రికార్డింగు నెట్‌లో ఉంటేనే పేరు పెడుతుంది. పిన్ని ఇంట్లో పాడుకున్నవి దానికేం తెలుసు?"

ఆ మాటతోనే నాకు దారి దొరికింది. పేరు పడ్డవన్నీ కొన్నవి. పేరు పడనివన్నీ ఆమెవి.

మొదట దించుకున్నది నాలుగు పాటలకు పేర్లు పెట్టి డబ్బు అడిగింది. రెండోది తెర నిండా జూదం ప్రకటనలు పరిచింది. దేవుడి పాటల కోసం వెళ్లినవాణ్ణి, దాన్ని వదిలించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మూడోది బుద్ధిగా పని మొదలుపెట్టింది. పాట వెంట పాట పేరు, పాడినవారి పేరు, బొమ్మ వచ్చి కూర్చుంటున్నాయి.

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"తొందరపడకు. పేరున్నవాళ్లందరూ పోయాక చివరికి మిగిలేదానివి నువ్వే" అన్నాను. నవ్వుతూ నా చేయి గిల్లింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

చివరికి ఒక్కటీ మిగల్లేదు.

బాగుచేయడంలో ఆమె పాటలే పోయాయనుకున్నాను. ఆమె తెర మీద ఒకచోట వేలు పెట్టింది. అక్కడ ఫొటోలో మైకు ముందు నవ్వుతూ ఆమె చెల్లెలు, నా మరదలు. పాడినవారు అన్నచోట నా మరదలి పేరు. దాని కింద మరొకటి, ఇంకొకటి, వరుసగా మరదలి పేరే.

నొక్కాను. వినిపించింది నా భార్య గొంతు. రెండో చరణంలో నా తుమ్ము కూడా ఉంది.

నా భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు మరదలు వచ్చి ఇల్లు చూసుకుంది. "అక్క గొంతు నా దగ్గరా ఉండాలి" అని ఏడిస్తే, మంచం మీద నుంచే ఈమె తలూపింది. కంప్యూటర్ చెడిపోకముందే అలా వెళ్లిన పాటలవి.

ఫోను స్పీకరులో పెట్టి మరదలికి కలిపాను. ఆమె తడబడనైనా లేదు.

"అవును బావగారూ, పెట్టాను. మీ కంప్యూటర్లో మగ్గేవాటిని జనానికి వినిపించాను. తప్పా?"

"మీ అక్క పేరు పెట్టొచ్చుగా అమ్మా?"

"పెడితే కచేరీకి పిలుస్తారు. వెళ్లి ఏం పాడుతుంది, పలక చూపిస్తుందా?"

నా భార్య పలకను ఒళ్లో బోర్లించింది.

"అందులో నా తుమ్ముంది, విన్నావా?" అన్నాను. నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

"అయ్యో, మీ తుమ్ముకూ పేరు వేయమంటారా?" పకపకా నవ్వింది. "నేను పాడలేదని ఎవరితోనైనా చెప్పండి. నమ్మకపోతే అక్కని తీసుకొచ్చి పాడించండి. నాకేం అభ్యంతరం లేదు."

ఆ వెంటనే గొంతు తగ్గించి అడిగింది: "బావగారూ, నేను తీసుకోనివి ఇంకేమైనా మిగిలాయా? జనం కొత్తవి అడుగుతున్నారు."

ఫోను పెట్టేశాను.

మార్పులు భద్రపరచాలా అని తెర అడుగుతోంది. వద్దని నొక్కబోతే నా భార్య చేయి పట్టుకుంది. పలక తిప్పి రాసింది: "పేర్లు ఉండనీ. లేకపోతే నావి ఏవో మళ్లీ తెలియదు."

"ఆ పేరుతోనా?"

తలూపింది. తానే సరే అని నొక్కింది. ఆ తరవాత వెతికే గడిలో చెల్లెలి పేరు ఒక్కో అక్షరమే కొట్టింది. ఏళ్ల తరబడి పాడిన పాటలన్నీ ఒక్క వరుసలో వచ్చి నిలబడ్డాయి.

మొదటి పాట మొదలైంది. ఆమె పెదవులు దానితోపాటు కదులుతున్నాయి. నేను దేవుడికి చేతులు జోడించాను. రోజూ పొద్దున్నే విన్నవాడివి కదా, ఇవి ఎవరు పాడారో నీ దగ్గరైనా సరిగ్గా ఉందా తండ్రీ, అని అడిగాను. గదిలో పాట నడుస్తూనే ఉంది.