మామూలు మనుషుల ఫోను

ఆ ఆఫీసులో ప్రోగ్రాములు రాయడం రాని మనిషి ఆమె ఒక్కతే. అంతకుముందు ఫోన్ల దుకాణంలో కౌంటరు వెనక నిలబడేది. మామూలు మనుషులకి ఏం కావాలో చెప్పేవాళ్ళు లేక, పిలిచి మరీ ఉద్యోగమిచ్చారు. చేరిన కొన్నాళ్ళకే 'జనాభా' అని పేరు పెట్టేశారు. "ఇవాళ జనాభా ఏమంటోంది?" అని గడ్డం అడిగితే గదంతా నవ్వేది. గడ్డం అంటే అక్కడ తయారవుతున్న ఫోనుకి ప్రాణం పోసినవాడు. ఎప్పుడు దువ్వాడో తెలియని ఆ గడ్డాన్ని బట్టి అందరూ అలాగే పిలిచేవారు.

అది ఓపెన్ సోర్స్ ఫోను. లోపలి ప్రోగ్రామంతా బాహాటంగా పెట్టేశారు. ఎవరైనా చదవొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు. దొంగచాటుగా మన మాటలు వినే ఏర్పాటేదీ దాన్లో దాచడం కుదరదు. ఇన్నాళ్ళూ దాన్ని తయారుచేసినవాళ్ళే వాడుకున్నారు. ఇప్పుడిక దుకాణాలకెక్కించాలి. అంతకుముందు కొన్ని ఇళ్ళల్లో వాడించి చూడమని జనాభా చేతికి అట్టపెట్టెడు ఫోన్లిచ్చారు.

మొదటిది వదినకి తీసుకెళ్ళింది. వదిన ముందుగదిలో మిషను వేసుకుని కర్టెన్లు కుడుతుంది. అన్నయ్య లారీ డ్రైవరు, ఎప్పుడూ రోడ్డుమీదే.

"ఇది మన మాటలు ఎవరికీ మోసుకెళ్ళదు వదినా."

"మీ అన్నయ్యా నేనూ మాట్లాడుకునేది విని ఎవరు బాగుపడతారు అమ్మాయ్? ఆయన టైరు పేలిందంటాడు, నేను కుళాయి కారుతోందంటాను." వదిన పళ్ళతో దారం తెంపుతూ నవ్వింది. అయినా తీసుకుంది. ఆడపడుచు ఉద్యోగం నిలబడాలని తీసుకుంది. "ఆయన ఫోన్ చేస్తే మోగుతుందిగా? నాకదొక్కటీ చాలు."

"అదేం ప్రశ్న వదినా!"

కొద్దిరోజులకి ఒక్కొక్క ఇంటినుంచీ ఒకటే మాట రాసాగింది. ఫోను కదలకుండా చాలాసేపు పడుంటే, కాల్ వచ్చినా మోగడం లేదు. జనాభా వెళ్ళి గడ్డానికి చెప్పింది.

"ఓ, అదా? తెలుసు," అన్నాడతను తల ఎత్తకుండానే. "మొద్దునిద్రలోకి జారిపోతుంది. మధ్యమధ్యలో తెర వెలిగిస్తుంటే చాలు. మేమంతా అలాగే లాక్కొస్తున్నాం."

"మీ చేతుల్లోంచి దిగితేగా అది నిద్రపోవడానికి! పనిచేసుకునేవాళ్ళు దాన్ని తట్టి లేపుతూ కూర్చుంటారా?"

"ముందు కెమెరా పని తెమలనీ. తర్వాత అదే చూద్దాం."

ఇంకోసారి గట్టిగా అడగాల్సింది. అందరూ తలమునకలై ఉన్నారు కదా అని ఊరుకుంది. సాయంత్రం వదిన ఇంటికెళ్ళి, ఎందుకో చెప్పకుండా, అప్పుడప్పుడూ తెర వెలిగిస్తూ ఉండమని మాత్రం చెప్పింది. పెదాల మధ్య గుండుసూదులతో వదిన తలాడించింది. ఆ వారంలో ఆమెకి ఓ హోటలు కర్టెన్లు మొత్తం వచ్చిపడ్డాయి.

తర్వాత ఒక మధ్యాహ్నం జనాభాకి ఎవరిదో తెలియని నంబరునుంచి ఫోనొచ్చింది. ఎక్కడో దూరాన ఆసుపత్రి. వదిన ఎత్తకపోతే, అన్నయ్య ఫోన్లో ఈమె నంబరు చూసి చేశారు. అన్నయ్యకి బండి నడుపుతుండగా గుండెల్లో నొప్పొచ్చిందట. లారీని జాగ్రత్తగా రోడ్డువార ఆపాడట. వెనక వస్తున్న ఇంకో డ్రైవరు ఆగి చూసేసరికి ఫోను చెవిదగ్గర పెట్టుకునే ఉన్నాడట. "మా ఆవిడ ఎత్తడం లేదు, పనిలో ఉందేమో," అన్నాడట. ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు.

జనాభా పరుగున వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. వదిన మిషను తొక్కుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. మడతపెట్టిన కర్టెన్లమీద ఫోను నల్లగా పడుంది.

ఆడపడుచు మొహం చూసి వదిన కాళ్ళు ఆపింది. జనాభా చెప్పిందంతా విన్నది. ఏడవలేదు. ముందు చెయ్యిచాచి ఫోను అందుకుని తెర వెలిగించింది. భర్త మిస్డ్ కాల్స్ ఒకదాని వెనకొకటి అప్పుడొచ్చిపడ్డాయి.

"ఇన్నిసార్లు చేశాడా! నాకు వినబడనే లేదే. ఈ పాడు మిషను చప్పుడు... నాకు చెవుడొచ్చిందా ఏం అమ్మాయ్?"

ఆ మాటని అలాగే వదిలేయొచ్చు. వదిన జీవితాంతం మిషనునీ తన చెవుల్నీ తిట్టుకుంటుంది, అంతే. జనాభా వెళ్ళి మిషను పక్కన కూర్చుంది.

"చప్పుడు కాదు వదినా. అది మోగలేదు. మోగదని మాకు ముందే తెలుసు."

వదిన చేతిలో ఫోను కర్టెన్లమీద బోర్లించి పెట్టింది.

ఫోను ఎత్తినా ప్రాణం దక్కేది కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. "దక్కకపోతే పోయె. మాట్లాడేదాన్ని కదా," అంది వదిన.

జనాభా మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజున గడ్డం లేచి ఆమెకి కుర్చీ జరిపాడు. కెమెరా పని పక్కకి నెట్టి, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఆ తప్పు సరిచేశాడు. బల్లమీద ఫోను పెట్టి, చాలాసేపు ఆగి, కాల్ చేసి చూపించాడు. గది మారుమోగేలా మోగింది.

"ఇంతేనా?" అంది జనాభా.

"ఇంతే," అన్నాడు. మోగుతున్న దాన్ని ఆపడానికి కూడా అతనికి చెయ్యి రాలేదు.

ఫోను తిరిగిచ్చేయడానికి వదినే స్వయంగా ఆఫీసుకొచ్చింది. కేకలేస్తుందని అందరూ బిక్కచచ్చి నిలబడ్డారు. ఆమె గదంతా కలయజూసింది. గడ్డంవైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"మీ అమ్మగారు ఏ ఫోను వాడతారు బాబూ?"

పక్కవాణ్ణి అడిగింది, ఆ పక్కమ్మాయిని అడిగింది. అందరి ఇళ్ళల్లోనూ దుకాణంలో కొన్న వేరే ఫోన్లే. అమ్మకి ఇది చేతకాదని ఒకడు గొణిగాడు.

"నాకెలా చేతవుతుందనుకున్నారు మరి?" అంది వదిన. ఫోను బల్లమీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

గడ్డం ఆ సాయంత్రమే ఒక ఫోను వాళ్ళమ్మకి పట్టుకెళ్ళాడు. ఆవిడ రోజుకో తప్పు చెప్తోందట, రోజూ దిద్దుకుంటూ వస్తున్నాడు. దుకాణాలకి చేరడం బాగా ఆలస్యమైంది. చేరాక కూడా కొన్నవాళ్ళు తక్కువే. కొన్న ఇళ్ళల్లో మాత్రం మోగుతోంది. జనాభా అని ఇప్పుడెవరూ పిలవరు. ఆమె ఏదన్నా చెబితే పని ఆపి వింటారు. ఆమె కూడా ఇప్పుడు ఏదీ ఒక్కసారి చెప్పి ఊరుకోదు.

వదిన ఆమెతో మాట మానలేదు. ఏదో మామూలు ఫోను కొనుక్కుంది. జనాభా ఎప్పుడు చేసినా మొదటి రింగు పూర్తికాకముందే ఎత్తుతుంది. ఎలా ఎత్తుతున్నావని అడిగితే, కుడుతున్నంతసేపూ ఒళ్ళోనే పెట్టుకుంటున్నానంది.

"ఇంకెవరు చేస్తారని వదినా?" అని అడగబోయి, ఆగిపోయింది. అవతల మిషను తిరగడం మొదలైంది. ఇద్దరూ ఫోను పెట్టెయ్యలేదు.